హారికకు, పిన్నీసుల సంగతి

చీరాల



ఆదివారం ఫోన్ చేసినప్పుడు నువ్వు బస్సులో ఉన్నావు, నేను పొయ్యి దగ్గర ఉన్నాను. సగం మాటలు హారన్లలో పోయాయి. నాకు అందినంతలో సంగతి ఇదీ: మీ డిజైన్ హెడ్ మొదటిసారి ఒక కలెక్షన్ మొత్తం నీ చేతికి అప్పగించింది. కాలేజీ పిల్లలకి, వచ్చే చలికాలానికి. మూడ్ బోర్డు నెత్తిన రాసిన మాటలు మూడు: పంక్, గ్రంజ్, బ్యాండ్ టీ. నువ్వు సంబరంగా బొమ్మలు ఏరుకుంటుంటే నీ పక్క సీటు అబ్బాయి, మెటల్ పాటల భక్తుడు, "ఇదంతా దొంగసొత్తు" అన్నాడు. అప్పట్నుంచి నీకు చెయ్యి ఆడటం లేదు. చేయనా, మానేయనా అని నన్నడిగావు.

చెయ్యి. నువ్వు మానేస్తే ఆ పని ఇంకొకరి బల్ల మీదికి పోతుంది. వాళ్లకి ఈ అనుమానం కూడా రాదు. కాకపోతే కొంచెం తెలుసుకుని చెయ్యి. నేను డిజైనర్ని కాదు, నీకు తెలుసు. బెంగళూరు పీణ్యాలో ఎక్స్‌పోర్టు ఫ్యాక్టరీల్లో క్వాలిటీలో చేరి మర్చండైజింగ్‌లో రిటైరైనదాన్ని. అయితే బయ్యర్లు పంపే టెక్ ప్యాక్‌లలో "ఇక్కడ చింపండి, ఇక్కడ మాసినట్టు ఉండాలి" అని రాసి ఉంటే, అసలు ఈ చింపు మొదట ఎవరి మోకాలి మీద పడిందో తెలుసుకోవాలన్న దురద నాకు మొదట్నుంచీ ఉంది. ఆ దురదతో చదివినవే ఇవన్నీ.

మీ ఆఫీసులో ఎవరో ఒకరు వేసుకునే ఉంటారు చూడు. నల్ల టీషర్టు, గుండెల మీద తెల్ల గీతలు, ఒకదాని కింద ఒకటి, మధ్యలో కొండల్లా లేచి పడుతుంటాయి. చాలామందికి అదొక టీషర్టు బొమ్మ. కొందరికి మాత్రం అది జాయ్ డివిజన్ అనే మాంచెస్టర్ బ్యాండు 1979లో తెచ్చిన 'అన్‌నోన్ ప్లెజర్స్' రికార్డు అట్ట. ఇంకా వెనక్కి వెళ్తే అది ఒక నక్షత్రం. 1967లో కేంబ్రిడ్జిలో జోసలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని రేడియో టెలిస్కోపు గీసిన కాగితాల మీద ఒక వింత గుర్తు పట్టుకుంది. 1.33 సెకన్లకోసారి తప్పకుండా కొట్టుకునే నాడి అది. లోకానికి తెలిసిన మొదటి పల్సార్. 1970లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ క్రాఫ్ట్ అనే విద్యార్థి, అరెసిబో టెలిస్కోపుకి చిక్కిన ఆ నాడి గీతల్ని వరసగా పేర్చి తన పీహెచ్‌డీ థీసిస్‌లో వేశాడు. ఆ బొమ్మ ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలోకి ఎక్కింది. బ్యాండులో ఒకతను దాన్ని ఆ పుస్తకంలో చూశాడు. పీటర్ సావిల్ అనే కుర్ర డిజైనర్ తెలుపు మీది నల్ల గీతల్ని తిరగేసి నలుపు మీద తెల్ల గీతలు చేశాడు. ముందు అట్ట మీద బ్యాండు పేరు వేయలేదు, రికార్డు పేరూ వేయలేదు. 2012లో డిస్నీ వాళ్లు ఆ గీతల్నే మిక్కీ మౌస్ తల ఆకారంలో వంచి టీషర్టు అమ్మకానికి పెట్టారు. గొడవ కాగానే వెనక్కి తీసుకున్నారు. తన ఎలుక బొమ్మని ఊరి బడి గోడ మీద ఎవరైనా గీసినా ఊరుకోదని పేరున్న కంపెనీ అది!

ఇందులో దొంగ ఎవరో నీ పక్క సీటు అబ్బాయిని అడుగు. బ్యాండు కూడా ఆ బొమ్మని పుస్తకంలోంచే తీసుకుంది. అసలు గీసినవాడి పేరు ఆ అట్ట మీద లేదు. ఆ నాడిని మొదట పట్టుకున్న అమ్మాయి సంగతి ఇంకా విచిత్రం. 1974లో ఆ పల్సార్‌కి నోబెల్ వచ్చింది, ఆమెకి కాదు, ఆమె గైడుకి. ఫ్యాషన్ వాళ్లొక్కళ్లే పేర్లు మింగేస్తారనుకోకు.

పాట విననివాళ్లు ఆ బొమ్మ వేసుకోకూడదు అనే పిల్లల పట్టుదల నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. "మూడు పాటలు చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారట! న్యూయార్క్‌లో రామోన్స్ అనే బ్యాండు ఉండేది. 1976లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డు అమెరికాలో గోల్డ్ అనిపించుకోవడానికి 2014 దాకా పట్టింది. ఆ లోపల వాళ్లని నిలబెట్టింది పాటలకంటే టీషర్టులే. అమెరికా అధ్యక్షుడి ముద్రని అటూ ఇటూ మార్చి ఆ గుర్తు గీసింది ఆర్టురో వేగా అనే వాళ్ల స్నేహితుడు. కచేరీలకి వెంటే తిరిగి బల్ల వేసుకుని అమ్మిందీ ఆయనే. పాట వినకుండా టీషర్టు కొన్నవాళ్లు కూడా వాళ్లకి అన్నం పెట్టినవాళ్లే. నువ్వు చూడాల్సింది వేసుకునేవాళ్లని కాదు. ఆ డబ్బు ఎవరికి చేరుతుందో చూడు.

ఇప్పుడు గ్రంజ్. నీ బోర్డు మీద గళ్ల ఫ్లానెల్ చొక్కాలు ఎక్కువ ఉన్నాయన్నావు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

గ్రంజ్ సంగీతం పుట్టిన సియాటిల్ వానల ఊరు, చలి ఊరు. ఆ చుట్టుపక్కలంతా కలప కొట్టే ఊళ్లు. నిర్వాణా బ్యాండు పాటగాడు కర్ట్ కొబెయిన్ పుట్టిన ఆబర్డీన్ కూడా అలాంటిదే. గళ్ల ఫ్లానెల్ చొక్కా అక్కడ చెట్లు కొట్టేవాళ్ల చొక్కా. వెచ్చగా ఉంటుంది, చిరగదు, పాతబట్టల కొట్టులో చిల్లర డబ్బులకి దొరుకుతుంది. పని లేని కుర్రాళ్లు బ్యాండు పెట్టుకుంటే వేసుకున్నవి అవే. దాని పైన కార్డిగన్, లోపల ఇంకో చొక్కా. చలికి వేసుకున్న పొరలు అవి. 1991 సెప్టెంబరులో నిర్వాణా వాళ్ల 'నెవర్‌మైండ్' రికార్డు వచ్చింది. ఏడాది తిరిగేసరికి న్యూయార్క్‌లో ఆ పిల్లల వేషం ఒక 'లుక్' అయిపోయింది.

1992 నవంబరులో మార్క్ జేకబ్స్ అనే డిజైనర్ పెర్రీ ఎల్లిస్ కంపెనీకి ఒక షో చేశాడు. అప్పటికి అతని వయసు 29. ఒక పాత ఫ్లానెల్ చొక్కాని రెండు డాలర్లకి కొని, ఇటలీకి పంపి ఆ గళ్లనే పట్టు మీద వేయించాడని చెప్తారు. నవోమీ కాంప్‌బెల్, క్రిస్టీ టర్లింగ్టన్ లాంటి మోడళ్లు ఆ పట్టు 'ఫ్లానెల్' వేసుకుని నడిచారు. తర్వాతి నెల వోగ్ పత్రిక గ్రంజ్ మీద పెద్ద ఫొటో ఫీచర్ వేసింది. విమర్శకులు చాలామంది చీదరించుకున్నారు, కంపెనీ అతన్ని పంపించేసింది. ఆ బట్టలు కొన్ని కొబెయిన్ ఇంటికి కూడా పంపారట. తామిద్దరం వాటిని తగలబెట్టేశామని అతని భార్య కోర్ట్నీ లవ్ 2010లో చెప్పింది.

ఆ 1992 నవంబరులోనే జరిగిన ఇంకో ముచ్చట నాకు దీనికంటే ఇష్టం. న్యూయార్క్ టైమ్స్ వాళ్లు గ్రంజ్ మీద వ్యాసం రాస్తూ, ఆ పిల్లలు వాడే యాస మాటలు కొన్ని కావాలని సియాటిల్‌కి ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తింది మెగన్ జాస్పర్, అంతకుముందు సబ్ పాప్ రికార్డు కంపెనీలో రిసెప్షనిస్టు. ఆవిడ అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలన్నీ కల్పించి చెప్పింది. అంత పెద్ద పత్రిక వాటిని నిఘంటువులా పేర్చి అచ్చేసింది! తర్వాత గుట్టు రట్టయింది. ఆవిడ తర్వాత్తర్వాత అదే సబ్ పాప్‌కి సీఈఓ అయింది. ఊరికి వెళ్లకుండా, ఎవరి పక్కనా కూర్చోకుండా, ఫోన్ మీద ఒక జీవితాన్ని అడిగి తెప్పించుకుందాం అనుకుంటే వచ్చేది ఇలాంటి సరుకే. నువ్వు స్క్రీన్ మీద నాలుగు గంటలు బొమ్మలు ఏరి "రీసెర్చ్ అయింది" అంటే నాకు ఆ నిఘంటువే గుర్తొస్తుంది, ఏమీ అనుకోకు.

మార్క్ జేకబ్స్‌ని మాత్రం నేను తిట్టను. అతను ఆ పాటలు విన్నవాడే, ఆ బట్టల్ని వెక్కిరించలేదు. నాకు తోచినంతలో అతని పొరపాటు వేరు. ఆ చొక్కాకి ఉన్న పని తీసేసి గళ్లు మాత్రమే ఉంచాడు. వెచ్చదనం లేదు, చవక లేదు. పట్టుచొక్కా ఆ ఫ్లానెల్‌లా చలి ఆపదు, వానలో వేసుకోలేం. ఏ గుంపు దగ్గర్నుంచి ఏ బట్ట తీసుకున్నా ముందు ఆ బట్ట అక్కడ ఏం పని చేసిందో కనుక్కో. మంచి మందం ఉన్న నూలు ఫ్లానెల్‌ని, గిల్లితే గుడ్డ తెలిసే జీఎస్‌ఎం బరువులో, కాలేజీ పిల్ల తన డబ్బుతో కొనుక్కోగల ధరలో ఇస్తే నువ్వు గ్రంజ్ చేసినట్టే. గళ్లు ముద్రించిన పల్చటి పాలిస్టర్ ఇస్తే బోర్డు మీద ఎంత పెద్ద పేరు రాసినా అది గ్రంజ్ కాదు.

ఆ కథకి కొసరు ఉంది. 2018లో జేకబ్స్ ఆ పాత కలెక్షన్‌ని మళ్లీ కుట్టించి అమ్మాడు. దాంతోపాటు నిర్వాణా వాళ్ల నవ్వు మొహం బొమ్మలో కళ్లు మార్చి ఒక టీషర్టు తెచ్చాడు. ఈసారి తగలబెట్టడాలు లేవు, నిర్వాణా కంపెనీ కోర్టుకెళ్లింది. ఆ మొహం గీసింది నేనంటూ వాళ్ల రికార్డు కంపెనీలో పనిచేసిన ఒక ఆర్ట్ డైరెక్టర్ మధ్యలో దూరాడు. 2024లో రాజీ అయింది. కొబెయిన్ ఒక టీవీ కచేరీలో వేసుకున్న పాత కార్డిగన్, సిగరెట్ కాలిన మచ్చతో, ఊడిన గుండీతో, ఉతకకుండానే, 2019 వేలంలో 3,34,000 డాలర్లకి పోయింది. క్వాలిటీలో నా బల్ల మీదికి వచ్చి ఉంటే రిజెక్ట్ కొట్టేదాన్ని.

ఇక అసలు మాటకి వస్తాను. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. ఎవరు అరువు తెచ్చుకుంటే దాన్ని ఏమని పిలుస్తున్నారో చూడు. దీనికి హార్లెం దర్జీ కథ కంటే మంచి పాఠం లేదు.

డానియల్ డే, అందరూ డాపర్ డాన్ అంటారు. 1982లో న్యూయార్క్‌లోని హార్లెంలో 125వ వీధిలో కొట్టు తెరిచాడు, రాత్రీ పగలూ తెరిచి ఉండేది. గుచ్చి, లూయీ విటాన్, ఫెండి లాంటి కంపెనీల గుర్తుల్ని తోలు మీద తనే స్క్రీన్ ప్రింట్ చేసి, ఆ కంపెనీలు కలలో కూడా కుట్టని జాకెట్లు కుట్టేవాడు. హిప్ హాప్ పాటగాళ్లు, బాక్సర్లు, పరుగుపందాల వాళ్లు అతని దగ్గరే కుట్టించుకునేవాళ్లు. నల్లవాళ్లు ఆ పెద్ద కొట్లలోకి అడుగు పెడితే అనుమానంగా చూసే రోజులు అవి. కంపెనీలు దావాలు వేశాయి, సోదాలు చేయించాయి, సరుకు జప్తు చేయించాయి. ఫెండి తరఫున వచ్చిన లాయరు సోనియా సొటొమయోర్. 2009లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయింది ఆవిడే. 1992లో కొట్టు మూతపడింది.

పాతికేళ్లు గడిచాయి. 2017 మేలో ఫ్లారెన్స్‌లో గుచ్చి షోలో ఒక జాకెట్ వచ్చింది. బెలూన్లలా ఉబ్బిన చేతులు, చేతుల నిండా గుచ్చి గుర్తులు. 1989లో డయాన్ డిక్సన్ అనే ఒలింపిక్ పరుగుల రాణికి డాన్ కుట్టిన జాకెట్ అచ్చం అదే. తేడా అల్లా, అప్పుడు విటాన్ గుర్తులు, ఇప్పుడు గుచ్చివి. జనం రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి నిలదీస్తే కంపెనీ "నివాళి" అంది. డాన్ చేసినప్పుడు నకిలీ, వాళ్లు చేస్తే నివాళి! జనం ఊరుకోలేదు కాబట్టి ఆ తర్వాత ఆయనతో ఒప్పందం చేసుకుని, 2018లో హార్లెంలోనే కొట్టు పెట్టించి, తమ గుడ్డలూ తమ గుర్తులూ ఇచ్చారు. ఆ ముసలాయన కాదనలేదు. నేనైనా కాదనను. నిలదీత తర్వాత అయినా సరే డబ్బు, పేరు రెండూ చేరాల్సిన చోటికి చేరాయి.

ఇందులో నీ స్థానం ఏమిటో గమనించావా? నువ్విప్పుడు లాయర్లున్న వైపు కూర్చున్నావు. నువ్వు రోడ్డు పక్క దర్జీ దగ్గర్నుంచి తీసుకుంటే ఎవరూ అడగరు. ఆ దర్జీ నీ కంపెనీ గుర్తు వేసి కుడితే పోలీసులు వస్తారు. నీ జీతం ఆ ఏర్పాటులోంచే వస్తోంది. అందుకని ఉద్యోగం వదలమని కాదు, ఆ సంగతి మర్చిపోకుండా గీయమంటున్నాను.

చట్టం కూడా ఇలాగే ఉంది. మన కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేయించుకోగలిగిన డిజైన్‌ని రిజిస్టరు చేయకుండా యంత్రాల మీద యాభై కంటే ఎక్కువసార్లు తయారుచేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. పేరుకీ లోగోకీ ట్రేడ్‌మార్క్ రక్షణ వేరే ఉంది. అంటే బ్యాండు పేరు వేసుకోవాలంటే లైసెన్సు తప్పదు. కానీ ఒక వీధి పిల్లలంతా కలిసి కనిపెట్టిన చింపుడు తీరు, కట్టు తీరు ఎవరి పేరునా ఉండదు. తీసుకోవచ్చు, ఎవరూ ఆపరు. ఆపేవాళ్లు లేనిచోటే నువ్వు జాగ్రత్తగా ఉండాలి. మీ లీగల్ వాళ్లు ఓకే అన్నారంటే కేసు పడదని మాత్రమే అర్థం.

ఏం చేయగలవో కూడా చెప్తాను. బ్యాండ్ టీలు నిజం బ్యాండ్లవే అయితే లైసెన్సు డబ్బు కాస్టింగ్ షీట్‌లో మొదటి రోజే వేయించు. చివర్లో వేస్తే మార్జిన్ తక్కువైందని అదే ముందు ఎగిరిపోతుంది. 2017లో కెండాల్, కైలీ జెన్నర్ అక్కచెల్లెళ్లు తమ మొహాల్ని టూపాక్, మెటాలికా లాంటివాళ్ల బొమ్మల మీద అచ్చేసి ఒక్కో టీషర్టు 125 డాలర్లకి పెట్టి, తిట్లు తిని, వెనక్కి తీసుకున్నారు. అలాంటిదానికి నీ సంతకం ఉండకూడదు. ఇంకో దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. బెంగళూరులోనే బోలెడు బ్యాండ్లున్నాయి. 2007లో ఐరన్ మెయిడెన్ అనే మెటల్ బ్యాండు అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచీ, మన హైదరాబాదు నుంచి కూడా నల్ల టీషర్టుల పిల్లలు రైళ్లెక్కి వచ్చారు. వాళ్లలో పాడేవాళ్లూ బొమ్మలు గీసేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. నీ పక్క సీటు అబ్బాయికి వాళ్లు తెలిసే ఉంటారు. ఒకరిద్దరి చేత బొమ్మలు గీయించి, డబ్బిచ్చి, లేబుల్ మీద పేరు వేయించమని అడుగు. కాదంటారేమో. అడగకుండా అయితే ఎలాగూ ఇవ్వరు. ఆ అబ్బాయి కోపం కూడా పనికొచ్చే చోట పడుతుంది.

మన ఊరి సంగతి ఒకటి రాయకపోతే మీ తాతయ్య ఊరుకోరు. ఆయన మగ్గం మీద నేసినవి నువ్వు చూడలేదు కానీ, చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ల గుడ్డ 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అనే పేరుతో ఓడలెక్కి నైజీరియా దాకా వెళ్లేది. నేసిన ఊరి పేరు పోయి, ఓడ ఎక్కిన రేవు పేరు మిగిలింది. అక్కడ నైజర్ నది డెల్టాలో కలబారి అనేవాళ్లున్నారు. వాళ్ల ఆడవాళ్లు మన గుడ్డని ఉన్నదున్నట్టు కట్టుకోలేదు. గళ్లలో కొన్ని దారాల్ని చిన్న కత్తితో తెంపి, ఒక్కొక్కటే లాగేసి, గుడ్డలో కొత్త నమూనాలు తెచ్చారు. దాన్ని 'పెలెటె బిటె' అంటారు. పుట్టుకకీ చావుకీ కట్టుకునే గౌరవమైన గుడ్డ అది. మన గుడ్డే, కానీ ఇప్పుడు అది వాళ్లది. కాదనడానికి నాకు నోరు రాదు, అంత పని పెట్టారు దాని మీద. అరువు తెచ్చుకుంటే అలా తెచ్చుకోవాలి. పంక్ పిల్లలు చొక్కా చింపడం గొప్ప తిరుగుబాటు అని పుస్తకాలు రాసేవాళ్లు ఈ దారాలు తెంపిన ఆడవాళ్ల గురించి ఒక ముక్క రాస్తే బాగుండును.

చింపుడంటే గుర్తొచ్చింది. నీ పన్నెండు స్టైళ్లలో నాలుగు డెనిమ్ అన్నావు. మోకాళ్లు అరిగినట్టు, తొడలు వెలిసినట్టు. సియాటిల్ పిల్లలకి జీన్స్ అరిగింది వేసుకుని, వేసుకుని. ఫ్యాక్టరీలో అరగదీసేది ఇంకొక మనిషి. ఒకప్పుడు ఇసకని గాలి ఒత్తిడితో కొట్టి వెలిసినట్టు చేసేవాళ్లు. టర్కీలో ఆ పని చేసిన కుర్రాళ్లకి సిలికోసిస్ వచ్చింది, ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడి ఎందరో చచ్చిపోయారు. 2009లో ఆ దేశం దాన్ని నిషేధించింది. మరో దేశానికి తరలిందే తప్ప పూర్తిగా పోలేదు. ఇప్పుడు పొటాషియం పర్మాంగనేట్ స్ప్రే, మనవాళ్లు పీపీ స్ప్రే అంటారు, అది కూడా పీల్చదగ్గది కాదు. లేజర్ ఉంది, ఖర్చు కొంచెం ఎక్కువ. నువ్వు టెక్ ప్యాక్‌లో 'హెవీ డిస్ట్రెస్' అని రెండు మాటలు రాస్తే అటువైపు ఒకడు మాస్కు కట్టుకుని ఎనిమిది గంటలు నిలబడతాడు. కాబట్టి లేజర్ అని స్పష్టంగా రాయి. ఇంకా మంచిది, రెండు స్టైళ్లు ముదురు రంగులో, ఏమీ చేయకుండా అమ్ము. అరగదీసుకోవడం ఆ పిల్లలకే వదిలెయ్యి, వాళ్లకి మోకాళ్లున్నాయి.

బొమ్మల విషయంలో ఒక హెచ్చరిక. 2015లో హెచ్ అండ్ ఎమ్ వాళ్లు మెటల్ బ్యాండ్ల పేర్లలా కనిపించే ప్యాచ్‌లు కుట్టిన బట్టలు తెచ్చారు. ఆ బ్యాండ్లేవీ లేవు, పేర్లు కల్పించినవి. అది చూసి ఫిన్లండ్‌లో ఒక మెటల్ సంగీతకారుడు, హెన్రీ సొర్వాలి, ఇంకొందరితో కలిసి ఆ లేని బ్యాండ్లకి చరిత్రలూ పాటలూ సృష్టించి, అందులో ఒకదాన్ని నాజీల బ్యాండుగా చూపించాడు. లోకమంతా ఆ కంపెనీ వైపు వేలు చూపించింది. పంక్ బట్టల అసలు కొట్టులోనే, లండన్ కింగ్స్ రోడ్ 430 నంబరులో వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్‌లారెన్ నడిపినచోట, పెద్దవాళ్లని ఉలిక్కిపడేలా చేయడానికి హిట్లర్ గుర్తు వేసిన చొక్కాలు అమ్మారు. మన గడపల మీది స్వస్తికం వేరు, అది వేరు. పాత ఫొటోలో ఉంది కదా అని తెచ్చి నీ బోర్డు మీద పెట్టకు.  

ఆ కింగ్స్ రోడ్ కొట్టులో బట్టలు చవకేమీ కాదు. డబ్బు లేని పిల్లలు వాటిని చూసి వెళ్లి ఇంట్లో చింపుకుని పిన్నీసులు పెట్టుకునేవాళ్లు. ఆ పిన్నీసుల చొక్కా ఆలోచన కూడా మెక్‌లారెన్ సొంతం కాదు, న్యూయార్క్‌లో రిచర్డ్ హెల్ అనే పాటగాడు అలా తిరగడం 1975లో చూసి వచ్చాడు. 1977 కల్లా జాండ్రా రోడ్స్ అనే డిజైనర్ పిన్నీసులకి రాళ్లు పొదిగి పెళ్లి గౌను కూడా చేసింది. 1994లో వెర్సాచీ బంగారు రంగు పిన్నీసుల గౌను వేసుకుని ఎలిజబెత్ హర్లీ అనే నటి సినిమా చూడ్డానికి వెళ్లి రాత్రికి రాత్రి ప్రసిద్ధురాలైంది. హెల్, రామోన్స్ పాడిన సీబీజీబీ క్లబ్బు 2006లో మూతపడితే, ఆ చోట 2008లో జాన్ వర్వాటోస్ బట్టల షోరూమ్ వచ్చింది. 2013లో మెట్ మ్యూజియం పంక్ ఫ్యాషన్ ప్రదర్శన పెట్టి ఆ క్లబ్బు పాయిఖానాని కూడా నమూనా కట్టి చూపించింది. పంక్ మొదట్నుంచీ సగం కొట్టులో పుట్టిందే, అందుకని 'అప్పట్లో స్వచ్ఛం, ఇప్పుడు కల్తీ' అనే ఏడుపు నేను ఏడవను.

నీ నల్ల జాకెట్టుకి ఒక్కోదానికి పదహారు పిన్నీసులు గీశావు. అవి తీసెయ్. నీతి కోసం కాదు. నేను పనిచేసిన ఫ్యాక్టరీల్లో కుట్టే హాల్లోకి పిన్నీసు తేవడమే నిషేధం. సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా ఆ మిషను ఆగాలి, ముక్కల్ని రిజిస్టరులో అంటించాలి. ప్యాకింగుకి ముందు ప్రతి పీసూ మెటల్ డిటెక్టర్ దాటాలి. ఇత్తడి జిప్పు దాటుతుంది, ఉక్కు పిన్నీసు దాటదు. పైగా యూరప్‌కి పంపితే చర్మానికి చాలాసేపు తగిలే లోహం వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములకి మించి నికెల్ వదలకూడదు. పదహారు పిన్నీసులకి పరీక్ష ఖర్చు పెట్టి, రెండో ఉతుకుకి తుప్పు మరకలొచ్చి, రిటర్నులు వచ్చి నీ తల మీద పడతాయి. కావాలంటే భుజం దగ్గర, కాలరు దగ్గర రెండు పొరల గుడ్డ వేయించి గట్టిగా ఉంచు, పిన్ను గుచ్చినా చిరగకుండా. పిన్నీసులు వాళ్ల అమ్మల చీరల దగ్గర కావాల్సినన్ని ఉంటాయి, వాళ్లే పెట్టుకుంటారు.

మొదటి శాంపిల్ రాగానే ఫొటో పంపు. కొత్తది కాదు, ఐదు ఉతుకుల తర్వాత తీసింది పంపు. మీ అమ్మ పచ్చడి పార్సిల్ చేసింది, శనివారం లోపల అందుతుంది. హాస్టల్ వార్డెన్‌కి ఒక సీసా ఇవ్వమంది.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ